లేవని కర్ర

కార్న్‌కీ,
11 ఫిబ్రవరి 1934

అన్నయ్యా,

నీ ఉత్తరం గురువారం వచ్చింది. నాన్నకు చదివి వినిపించాను. రెండు పౌన్లు బరువు పెరిగానని రాసిన చోట "మళ్లీ చదువు" అన్నాడు. మళ్లీ చదివాను. తరవాత లేచి వెళ్లి కోళ్లకు గింజలు వేశాడు. అప్పటికే ఒకసారి వేసి ఉన్నాడు.

ఇక్కడ వానలు. నేను రోజూ రెడ్రూత్ గ్రంథాలయానికి నడిచే వెళ్తున్నాను. చిరిగిన పుస్తకాలకు అట్టలు వేస్తున్నాను. నోరు మెదపకుండా చేసే ఉద్యోగం కార్న్‌వాల్ మొత్తంలో నీకే దొరికిందని వేళాకోళం చేసేవాడివి. అది నిజమే.

కమ్మరి పెన్రోజ్ బాబాయ్ వచ్చాడు. ఈ వేసవి కుస్తీ పోటీలకు కూడా నాన్నను కర్ర ఎత్తి తీర్పు చెప్పే కర్రపెద్దగా నిలబడమని అడగడానికి. ముగ్గురిలో కాప్టెన్ వివియన్ క్రిస్మస్‌కు ముందే పోయాడు కదా, మిగిలింది వీళ్లిద్దరే.

"నా కళ్లు పోయాయి, పెన్రోజ్" అన్నాడు నాన్న.

"ఎప్పుడు పోయాయి? నిన్న గుట్ట మీద మేక ఎవరిదో ఇక్కణ్ణుంచే చెప్పావు."

"మేకలకి సరిపోతాయి. మనుషులకి చాలవు."

బాబాయ్ నవ్వాడు. నాన్న నవ్వలేదు. ఆయన వెళ్లాక, ఇరవై రెండేళ్లుగా పొయ్యి పక్క మూలన ఉండే ఆ కర్రను తీసుకెళ్లి బొగ్గుల కొట్లో పెట్టాడు.

నీ వస్తువులన్నీ భద్రంగా ఉన్నాయి. చాపెల్ పరుగు పందెంలో గెలిచిన కప్పులో ఇప్పుడు చెంచాలు వేస్తున్నాం, ఏమీ అనుకోకు. కౌంటీ తరఫున రగ్బీ ఆడినప్పటి టోపీని పురుగు పట్టకుండా కాగితంలో చుట్టాను. పడవ పందెంలో విరిగిన నీ తెడ్డు గోడకే ఉంది. కిందటి వేసవి గెలిచిన కుస్తీ బెల్టు మాత్రం మేకుకు, అందరికీ కనిపించేలా. ప్రతి శనివారం వెండి బిళ్లలకు సుద్దపొడి రాసి తుడుస్తున్నాను. నాన్న తన కుర్చీని ఇటు తిప్పి వేసుకున్నాడు, బెల్టుకు వీపు పెట్టి. కిటికీ వెలుగు కావాలట.

డాక్టరు ఏమన్నాడో రాయి. పౌన్లు కాదు, మాటలు.

నీ చెల్లి
థిర్జా

•

శానిటోరియం,
25 ఫిబ్రవరి

థిర్జా,

డాక్టరు మాటలు తక్కువ మనిషి, నీ కోవ. "చూద్దాం" అంటాడు. ఇద్దరం చూస్తున్నాం.

ఇక్కడ గాలే మందు. పొద్దున్నే నర్సు హిక్స్ మనిషికి రెండింతలుండే కొక్కెం కర్ర పట్టుకుని వచ్చి పై కిటికీలన్నీ లాగి తెరుస్తుంది. కిందటి వారం నా దుప్పటి మీద మంచు పడింది. "మూయండమ్మా" అంటే "గోదాలోకి చొక్కా విప్పుకుని దిగేవాడివట, ఇదొక లెక్కా" అంది. చొక్కా విప్పం తల్లీ, మా కుస్తీకి కాన్వాసు చొక్కా తొడుగుతాం, అది పట్టుకునే పడేస్తాం అని చెప్పాను. "అయితే ఇంకో దుప్పటి అడగవేం" అంది. ఈమెతో గెలవలేను.

పక్క మంచం మాథీ నిన్నిస్‌ది. సెయింట్ ఐవ్స్‌లో చేపలు పట్టేవాడు. రోజూ టీ అయ్యాక కిందటి వేసవి ఫైనల్ కథ చెప్పమంటాడు. "ఆ సైలస్ హాస్కింగ్‌ని ఎలా కూలేశావో ఇంకోసారి చెప్పు నాయనా." చెప్తాను. ఒక్క చోట మాత్రం గబగబా దాటేస్తాను. నిన్న పట్టేశాడు. "అక్కడ నీ వలకి చిల్లుందబ్బాయ్" అన్నాడు.

పడుకుని ఆలోచిస్తుంటే ఒకటి అనిపించింది. పరుగులో ఎవడు ముందో రిబ్బను చెప్తుంది. రగ్బీలో గీత చెప్తుంది. పడవ పందెంలో జెండా కొయ్య చెప్తుంది. కుస్తీకి అలాంటిదేమీ లేదు. మనుషులు చూడాలి, చూసింది చెప్పాలి.

సైలస్ మోకాలు ఎలా ఉంది? ఎవరినైనా అడిగి రాయి.

శనివారాలు ఆ బెల్టు తుడవడం మానెయ్.

పాస్కో

•

కార్న్‌కీ,
18 మార్చి

అన్నయ్యా,

ఎవరినీ అడగక్కర్లేకపోయింది. సైలస్ మంగళవారం గ్రంథాలయానికే వచ్చాడు. చేతికర్ర వేసుకుని మూడు మెట్లు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. నేను బల్ల వెనక నుంచి లేవాలో కూర్చోవాలో తెలియక సగం లేచి ఉండిపోయాను.

"కూర్చుని చేసుకునే పనుల మీద పుస్తకమేదైనా ఉందా?" అని అడిగాడు.

గడియారాలు బాగుచేయడం మీద ఒకటి ఉంది. ఇచ్చాను. నవంబరులో పొలంలో గుర్రం తన్నిన ఆ మోకాలు ఇక వంగదట. చెప్పేటప్పుడు బొమ్మలు తిరగేస్తూ చెప్పాడు.

"మళ్లీ గోదాలోకి..." అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"గోదా చుట్టూ కూర్చోడానికి మోకాలు వంగక్కర్లేదులే." తరవాత, "పాస్కో ఎలా ఉన్నాడు?"

"బరువు పెరిగానని రాశాడు."

"వాడికి అబద్ధం చేతకాదమ్మాయ్. ఏ కాలు అడ్డం పెడతాడో ముందు వాడి కళ్లే చెప్పేస్తాయి. అందుకే వాడితో పట్టంటే నాకిష్టం." పుస్తకం చంకలో పెట్టుకున్నాడు. "అడిగానని రాయి. అంతే."

బెల్టు తుడవడం మానేశాను. ఎందుకని నిన్ను అడగను. మాథీ గారు చెప్పిన చిల్లు గురించి కూడా అడగను. నువ్వు రాస్తే చదువుతాను.

థిర్జా

•

శానిటోరియం,
8 ఏప్రిల్

థిర్జా,

రాస్తున్నాను. నాలుగు రోజులు పట్టింది, మధ్యలో రాత మారితే అదే కారణం.

నీకు చిన్నప్పుడు బల్ల మీద రొట్టెముక్కలు పెట్టి నేర్పాను, గుర్తుందా? రెండు భుజాలు, రెండు తుంట్లు. నాలుగింటిలో మూడు ఒకేసారి నేలకు తగిలితే వాడు పడ్డట్టు. ముగ్గురు కర్రపెద్దల్లో ఇద్దరు కర్రలెత్తితే ఆట అయిపోయినట్టు. పడినవాడూ పడేసినవాడూ చెయ్యి కలిపి బయటికి రావాలి. అంతే మన చట్టం. "మోసం లేకుండా, క్రూరత్వం లేకుండా ఆడతాను" అని ముందు ప్రమాణం చేస్తాం కదా, అది కూడా నువ్వు బట్టీ పట్టావు.

ఫైనల్లో సైలస్ నా మడమ వెనక కాలేసి తిప్పాడు. నేను పడ్డాను. ఊరికే పడలేదు. కుడి భుజం, ఎడమ భుజం, కుడి తుంటి. మూడూ తగిలాయి. పచ్చికకు తడి ఉంది. ఆ మూడు చోట్లా చల్లగా తగిలింది, ఇప్పుడు కూడా చెప్పగలను.

సైలస్‌కీ తెలుసు. నా చొక్కా వదిలేశాడు. లేచి, నన్ను లేపడానికి చెయ్యి చాచాడు. నేను కర్రల కోసం చూశాను. ఒక్కటీ లేవలేదు. వివియన్, పెన్రోజ్ నా కాళ్ల వైపు ఉన్నారు, వాళ్లకు కనిపించదు. నాన్న సైలస్ వెనకాల ఉన్నాడు, అతని వీపే అడ్డం. "పట్టు పట్టండి" అన్నాడు వివియన్.

నేను సైలస్ చెయ్యి పట్టుకునే లేచాను, థిర్జా. అతను ఇంకా కర్రల వైపే చూస్తున్నాడు. ఎందుకు లేవలేదా అని. అతని చేతులు కిందికే ఉన్నాయి. నేను కాలర్ పట్టుకుని విసిరేశాను. మూడు కర్రలూ లేచాయి. మీరంతా టోపీలు ఎగరేశారు.

సైలస్ వచ్చి నాతో చెయ్యి కలిపాడు. కర్రపెద్దలతో వాదించడం మనలో లేదు కదా.

గెలిచినవాడు బ్రిటనీ వెళ్లి అక్కడివాళ్లతో తలపడాలి. వెళ్లాను. ఆ ఓడ మీదే మొదటిసారి దగ్గులో రక్తం పడింది. శిక్ష అని నేను అనుకోను. గనిలో పీల్చిన దుమ్ము ఎవరు ఏం చేశారని చూడదు. కానీ ఆ ఓడ మీద నా చోటు సైలస్‌ది.

ఈ వేసవి అతనితో మళ్లీ పట్టి, ఓడిపోయి, ఇచ్చేద్దామనుకున్నాను. ఇప్పుడు అతనికి మోకాలు లేదు, నాకు ఊపిరి లేదు. డాక్టరు మాట అడిగావు. ఆకులు రాలేదాకా అన్నాడు. ఆ మాట నాన్నకు చదవకు.

బెల్టు తీసుకెళ్లి సైలస్‌కు ఇవ్వు. నేను చెప్పానని చెప్పు. ఇది తీర్చకుండా పోవడం నావల్ల కాదు. నాన్నకు మాత్రం తెలియనివ్వకు. ఇరవై రెండేళ్లలో ఒక్క తప్పు కర్ర ఎత్తలేదని చెప్పుకునే మనిషి. తన కళ్లెదుటే జరిగిందని తెలిస్తే తట్టుకోలేడు.

పాస్కో

•

కార్న్‌కీ,
29 ఏప్రిల్

అన్నయ్యా,

ఆదివారం చాపెల్ అయ్యాక బెల్టును షాల్‌లో చుట్టుకుని సైలస్ వాళ్ల ఊరు వెండ్రన్ దాకా నడిచాను. సైలస్ కిటికీ దగ్గర గడియారం లోపలి చక్రాలు సాసర్‌లో పోసుకుని కూర్చున్నాడు. దారంతా కూర్చుకున్న మాటలు తలుపు దగ్గరే మర్చిపోయాను. షాల్ విప్పి బల్ల మీద పెట్టాను.

అతను దాన్ని చూశాడు. ముట్టుకోలేదు.

"పాస్కో పంపాడా?"

"అవును. తను పడ్డానని చెప్పమన్నాడు."

"పడ్డాడని నాకు తెలుసు. వాడి కింద నా చెయ్యి నలిగింది." కొంచెం నవ్వాడు. "కర్రలు లేవలేదు థిర్జా. లేవకపోతే పడనట్టే. వాడు ఇస్తానంటే నేను పుచ్చుకోడానికి ఇదేమన్నా ముల్లంగి దుంపా?"

"మీదే కదా."

"నాకు బెల్టొద్దు. అప్పట్నుంచీ నేను పొరబడ్డానేమో అని పిచ్చెక్కింది. నాకే భ్రమేమో, వాడు పడనేలేదేమో అని. ఒక్కడు చూశానంటే చాలు. ఒక్క కర్ర."

అన్నయ్యా, నేను చూశాను.

అది అక్కడ అతనితో అనలేకపోయాను, నీకు రాస్తున్నాను. నేను ఆడవాళ్ల వైపు పచ్చిక మీద కూర్చున్నాను, నీ తల ఉన్న వైపు. ఒళ్లో కుంకుమపువ్వు బన్ను ఉంది. నీ భుజాలు రెండూ, తుంటీ నేలకు తగలడం స్పష్టంగా చూశాను. లేచి అరవాల్సింది. ఆడపిల్ల మాట ఎవరు వింటారని కాదు. నువ్వు బ్రిటనీ వెళ్లాలని ఉండింది నాకు. అందుకే బన్ను కొరికాను. ఇంటికొచ్చాక అందరికంటే ముందు నేనే బెల్టుకు మేకు కొట్టాను.

మనం చాపెల్ వాళ్లమైనా నేను కాన్వెంట్లో నన్‌ల దగ్గర ఏడేళ్లు చదివాను కదా. చేసిన పాపాల పట్టిక చెప్పమనేవారు. చూసి ఊరుకున్నవి ఏ వరసలో వస్తాయో అప్పుడు అడగలేదు.

బెల్టు తిరిగి తెచ్చేశాను. గోడకు తగిలించలేదు.

థిర్జా

•

శానిటోరియం,
6 మే

థిర్జా,

నువ్వూ చూశావా?

నేనిక్కడికి వచ్చేదాకా నెలల తరబడి నా ఎదురుగా కూర్చుని నాకు టీ పోశావు. ప్రతి శనివారం ఆ బిళ్లలు తుడిచావు. ఒక్క మాట అని ఉంటే ఆ వారంలోనే అతని దగ్గరికి వెళ్లేవాడిని. అప్పుడు నాకు కాళ్లున్నాయి. అతనికీ ఉన్నాయి.

మాథీ మంచం ఖాళీ అయింది. పరుపు ఎండలో వేశారు. చిల్లు సంగతి అతనికి చెప్పనే లేదు.

పాస్కో

వెనక్కి తిప్పి రాస్తున్నాను. పైన రాసింది కొట్టెయ్యడం లేదు, కానీ నేనేం తక్కువ తిన్నానని నిన్ను అంటున్నాను. పోస్టు మనిషి వెళ్లేలోగా ఇంతే రాయగలిగాను. నామీద అలగకు.

•

కార్న్‌కీ,
20 మే

అన్నయ్యా,

అలగలేదు. నీ ఉత్తరంలో మొదటి వైపు నాకు దక్కాల్సిందే.

నువ్వు వద్దన్నది జరిగిపోయింది. నాన్నకు తెలిసింది.

కాదు, తెలియడం కాదు. మొదటి నుంచి చెప్తాను. శనివారం మాంసం కూరిన పాస్టీలు చేశాను. అమ్మ చేసినట్టే ఒక్కోదాని మూల పిండితో పేరులో మొదటి అక్షరం పెడుతూ, అలవాటుగా మూడు చేసేశాను. నీది కూడా. నాన్న బల్ల దగ్గరకొచ్చి, మూడింటినీ చూసి, నీ అక్షరం ఉన్నదే తీసుకున్నాడు. తింటూ గోడ వైపు తిరిగాడు. బెల్టు దించేసిన ఇన్ని రోజులకు మొదటిసారి.

"ఎక్కడది?"

"సైలస్‌కి ఇవ్వమన్నాడు అన్నయ్య. ఆయన తీసుకోలేదు."

నాన్న నమలడం ఆపేశాడు. ఎందుకు అని అడుగుతాడని చూశాను. అడగలేదు.

"అయితే వాడికి తెలుసన్నమాట" అన్నాడు.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"నేను సైలస్ చంక కిందుగా చూశానే. మూడూ తగిలాయి. వివియనూ పెన్రోజూ నా వైపే చూస్తున్నారు, నేనే దగ్గర కదా. నా కర్ర లేస్తే వివియన్‌ది లేచేది. నా చెయ్యి లేవలేదు."

"ఎందుకు నాన్నా?"

"ఎందుకేంటి. కింద ఉన్నది వాడు." పాస్టీ పళ్లెంలో పెట్టేశాడు. "వాడికి తెలీలేదనుకున్నా. వాడేమో నాకు తెలీదనుకుని. ఒకే బల్ల దగ్గర కూర్చుని ఉప్పు అందుకున్నాం, వాడు వెళ్లేదాకా."

నేను చూసిన సంగతి కూడా చెప్పాను. నన్ను తిట్టలేదు. "ముగ్గురం" అన్నాడు. అంతే.

నీ దగ్గరికి వెళ్దాం అన్నాను. టోపీ పెట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. "ఉత్త చేతుల్తో ఏం మొహం పెట్టుకుని వెళ్లను" అన్నాడు.

థిర్జా

•

శానిటోరియం,
3 జూన్

నాన్నను రమ్మను. ఉత్త చేతులే చాలని చెప్పు.

పాస్కో

•

కార్న్‌కీ,
22 జూలై

అన్నయ్యా,

ఏడు వారాలు అడిగాను, రాలేదు. నిన్న పొద్దున్న లేచేసరికి పొయ్యి పక్క మూలన కర్ర ఉంది. బొగ్గు మసి కడిగి ఉంది.

నిన్న పోటీలు కదా. నేను వెళ్లననుకున్నాను. నాన్న చాపెల్ కోటు వేసుకుని "బెల్టు పట్టుకురా" అన్నాడు. ఇద్దరం రెడ్రూత్ దాకా మాట్లాడకుండా నడిచాం.

చాలామంది జనం. సైలస్ తాడు పక్కన కాలు చాచుకుని కూర్చున్నాడు. ఫైనల్‌కు కుర్రాళ్లిద్దరూ చొక్కాలు తొడుక్కుని ప్రమాణం చేయబోతుంటే నాన్న తాడు దాటి గోదాలోకి నడిచాడు. ఈ ఏటి కర్రపెద్దల్లో ఒకడైన పెన్రోజ్ బాబాయ్ ఎదురొచ్చాడు.

"ఏంటి జాన్? కళ్లొచ్చాయా?"

"కిందటేడుది ఒకటి మిగిలిపోయింది" అన్నాడు నాన్న. గొంతు పెంచడం ఆయనకు రాదు, నీకు తెలుసు కదా. అయినా నాలుగు వైపులా వినిపించింది. "ఫైనల్లో మా వాడు పడ్డాడు. సైలస్ పడేశాడు. నేను చూశాను." కర్ర ఎత్తాడు.

వెనక నుంచి ఒకడు, "ఏడాది పట్టిందా బాబాయ్, అంత బరువా ఆ కర్ర?" అన్నాడు. కొందరు నవ్వారు.

"బరువేరా" అన్నాడు నాన్న. దించలేదు.

అప్పుడు అందరూ పెన్రోజ్ బాబాయ్ వంక చూశారు. ఇద్దరి కర్రలు లేవాలి కదా. బాబాయ్ మొహం ఎర్రబడింది. "నేను చూళ్లేదు జాన్. చూడందానికి ఎత్తలేను." కళ్లు తుడుచుకున్నాడు. వివియన్ కాప్టెన్ ఉంటే ఏమనేవాడో. చట్ట ప్రకారం ఒక్క కర్ర ఒక్క కర్రే.

నేను లేచి నిలబడ్డాను. అన్నయ్యా, నాకు కర్ర లేదు. "నేనూ చూశాను" అన్నాను. ఎంత మెల్లగా అన్నానో నాకు తెలియదు, పక్కనున్న ఆవిడ ఒక్కతే నా వైపు తిరిగింది. కానీ సైలస్ విన్నాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, అలాగే తల వంచుకుని ఉన్నాడు. అతని భుజాలు కదులుతుంటే చూశాను.

బెల్టు అతని పక్కన పచ్చిక మీద పెట్టి వచ్చేశాను. తీసుకున్నాడో లేదో తెలియదు. నాన్న ఇంకా కర్ర ఎత్తే ఉంచాడు. కుర్రాళ్లు ప్రమాణం మొదలుపెడితే గానీ దించలేదు.

వచ్చే శనివారం బస్సుకు నాన్న, నేను వస్తున్నాం. ఇప్పుడు చేతులు ఖాళీ కాదంటున్నాడు. నీ కోసం పాస్టీ తెస్తున్నాను. మూల అక్షరం పెట్టే తెస్తాను.

థిర్జా

•

శానిటోరియం,
24 జూలై

థిర్జా,

ఇది నర్సు హిక్స్ రాస్తోంది. నేను చెప్తున్నాను. ఆమె స్పెల్లింగులు బాగుంటాయి, నీకు నచ్చుతుంది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. నాన్న కర్ర ఎత్తిన చోట మూడోసారి కూడా.

పెన్రోజ్ బాబాయ్ చేసింది సరైన పని. చూడనివాడు ఎత్తకూడదు. కానీ చూసినవాళ్లలో అందరికంటే దగ్గరగా ఉన్నవాణ్ణి ఒకణ్ణి మీరంతా మర్చిపోయారు. ఆ పచ్చిక చల్లదనం కూడా తెలిసినవాడు.

పొద్దున్న కిటికీలు తెరిచాక ఆ కొక్కెం కర్ర ఇమ్మన్నాను. ఇవ్వనంది. కుస్తీ సంఘం పని అన్నాను. ఇచ్చింది. మంచం మీదే కూర్చుని ఎత్తాను. పూర్తిగా నిటారుగా కాకపోయినా లేచింది. వార్డంతా చూశారు.

రెండు కర్రలయ్యాయి. సైలస్‌కు చెప్పు, నేను పడ్డాను. ఆట అయిపోయింది. చెయ్యి చాచాను, కలపమను.

నాన్నను పెద్దగా మాట్లాడాలని కంగారు పడొద్దను. పక్కన కూర్చుంటే చాలు.

పాస్కో

థిర్జమ్మా, ఈ కింది ముక్క ఆయన చెప్పింది కాదు, నేను రాస్తున్నాను. శనివారం దాకా ఆగకండి. ఇది అందగానే బయల్దేరండి. కర్ర ఎత్తినప్పుడు బరువుకు వాలిపోతుంటే కింది కొస నేను పట్టుకుంటానన్నాను. వద్దన్నాడు, చూడనిదాన్ని నువ్వు పట్టకూడదు అన్నాడు.

ఇ. హిక్స్